చలికాలంలో కుక్కతో గుట్ట ఎక్కాలంటే

నల్లగొండ, పాలమూరు వైపు మంచు అంటే జొన్న ఆకు మీద నిలిచే తడి, పొద్దుగాల గుట్టను నడుం దాకా కప్పేసే పొగ. హిమాలయాల్లో లాగా మోకాలి లోతు మంచులో నడిచే బాటలు మనకు లేవు. మనకున్నవి రాతిగుట్టలు, పాడుబడ్డ కోటలు, సీతాఫలం పొదల మధ్య మేకలు తొక్కి చేసిన సన్నని బాటలు. కుక్కను వెంటబెట్టుకుని వీటిని ఎక్కాలంటే దసరా దాటినప్పటి నుంచి ఫిబ్రవరి సగం దాకానే మంచి కాలం. మార్చి వస్తే బండ కాలుతుంది, వానాకాలం పాచి పట్టి జారుతుంది.

మా కర్రి పద్దెనిమిది కిలోల నాటు కుక్క. దానితో ఆరు చలికాలాలు గుట్టలు తిరిగాను. ఇన్నాళ్ళలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. కుక్క తనకు చేతకావట్లేదని ముందుగా చెప్పదు. మీరు నడిచినంతసేపు అదీ నడుస్తుంది. అరికాలు తెగినా, నాలుక జానెడు వేలాడుతున్నా మీ వెనకాలే వస్తుంది. ఎంత దూరం పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్న లెక్కంతా మీరే చూసుకోవాలి.

ముందు కుక్క సంగతి

ఏడాది నిండని పిల్లను గుట్ట ఎక్కించకండి. దాని ఎముకలు ఇంకా ముదరవు. పెద్ద జాతి కుక్కలకైతే ఏడాదిన్నర దాకా ఆగడం మేలు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం, వాటిని ఊరి చుట్టూ తిప్పితే చాలు. రేబిస్ టీకా ఏటా వేయించి ఉండాలి, పార్వో, డిస్టెంపర్ టీకాలు కూడా. పిడుదులు పట్టకుండా మందు మాత్రం బయల్దేరడానికి కనీసం రెండు మూడు రోజుల ముందే వేయండి. చలికాలం పిడుదులు ఉండవని అనుకునేవాళ్ళున్నారు. గొర్లు, మేకలు తిరిగే గడ్డిలో మన దగ్గర అవి ఏడాది పొడుగునా ఉంటాయి.

తర్వాత మూడు వారాలు అలవాటు చేయండి. మొదటి వారం రోజూ అరగంట చెలకల వెంట, గెట్ల మీద నడిపించండి. సిమెంటు రోడ్డు మీద నడక దీనికి పనికిరాదు. అరికాళ్ళు గరుకు నేలకు గట్టిపడాలి. రెండో వారం చిన్న గుట్ట ఏదైనా సగం దాకా ఎక్కి దిగండి. మూడో వారం రెండు గంటలు నడవండి, మధ్యలో పది నిమిషాలు కూర్చోబెట్టండి. అంత నడిచి వచ్చిన మర్నాడు కుక్క పడుకున్నచోటి నుంచి లేవడానికి తటపటాయిస్తే ఇంకో వారం పెంచండి. ఈ మూడు వారాల్లోనే "ఆగు", "రా", "కూర్చో" అన్న మూడు మాటలు గట్టిగా నేర్పాలి. గుట్ట మీద కుందేలు లేచినప్పుడు "ఆగు" అన్న ఒక్క మాటే దాన్ని కాపాడుతుంది.

ఏ గుట్టకు పోవాలి

దేవరకొండ కోట, రాచకొండ గుట్టలు, పాలమూరు దిక్కున కోయిలకొండ, వనపర్తి దగ్గర ఖిల్లా ఘనపురం అన్నీ నడవదగ్గవే. దేవరకొండ, రాచకొండ ఒకప్పుడు ఈ నేలను ఏలిన రేచర్ల పద్మనాయకుల కోటలు. వాటి దర్వాజల దాకా పాత మెట్లు ఉంటాయి, మొదటిసారి వెళ్ళే కుక్కకు అవే సులువు. భువనగిరి కోట ఒంటి బండ, ఏటవాలు ఎక్కువ, మనుషుల రద్దీ కూడా ఎక్కువే. మొదటిసారికి అది వద్దు. టికెట్ తీసుకునే చోట కుక్కను రానిస్తారో లేదో ముందురోజే కనుక్కోండి.

కొన్ని గుట్టలకు అసలు తీసుకుపోవద్దు. మన్యంకొండ, యాదగిరిగుట్ట లాంటి దేవుడి గుట్టలు, నల్లగొండలో లతీఫ్ సాహెబ్ దర్గా ఉన్న గుట్ట భక్తుల కోసం ఉన్నవి. అక్కడికి కుక్కతో పోతే ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఇక నల్లమల. మన్ననూరు, ఫరహాబాద్ దాటి అమ్రాబాద్ పులుల అడవిలోకి కుక్కను తీసుకుపోయే ఆలోచనే పెట్టుకోకండి. మన కుక్క పులి నోట పడుతుందన్న భయం ఒక్కటే ఇందుకు కారణమనుకోకండి. మన కుక్క నుంచి పులికి రోగం సోకవచ్చు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో డిస్టెంపర్ వైరస్ సోకి సింహాలు వరసగా చనిపోయాయి. ఊరకుక్కల్లో మామూలుగా కనిపించే రోగం అది.

సంచిలో ఏముండాలి

మెడపట్టీ ఒక్కటి చాలదు. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కావాలి, దాని వీపు మీద పట్టుకోవడానికి గట్టి పిడి ఉండాలి. బండ మీద కాలు జారితే మెడపట్టీ గొంతుకు ఉరి అవుతుంది. హార్నెస్ అయితే పెట్టెలాగా పైకి ఎత్తుకోవచ్చు. తాడు రెండు మీటర్లది, నూలుదో నైలాన్‌దో. బటన్ నొక్కితే సాగే పట్టీలు పార్కుకు బాగుంటాయి, ముళ్ళపొదల్లో చిక్కుకుంటాయి.

నీళ్ళు ఇరవై కిలోల కుక్కకు నాలుగు గంటలకు ఒక లీటరు అనుకుంటే రెండు లీటర్లు తీసుకుపోండి. మీ నీళ్ళు వేరే. తినడానికి ఉడకబెట్టిన గుడ్డు, బొక్క లేని కోడిమాంసం, జొన్నరొట్టె ముక్కలు. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిగడ్డ వేసిన కూర కుక్కకు విషమే. మీ డబ్బాలోది ముద్దుగా పెట్టకండి. బయల్దేరే ముందు కడుపు నిండా తినిపించకూడదు. నిండు కడుపుతో గంతులేస్తే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, లోతు ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో మరీ. రెండు గంటల ముందు కొద్దిగా పెట్టి, మిగతాది గుట్ట దిగాక పెట్టండి.

ఇవి కాక ఒక తువ్వాలు, గాజుగుడ్డ చుట్ట, పోవిడోన్ అయోడిన్ సీసా, ముళ్ళు తీసే చిమటా, పాత నూలు సాక్సు ఒకటి, ఒక పలుచని దుప్పటి. వీటన్నిటికంటే ముఖ్యంగా గట్టి కటింగ్ ప్లేయర్ ఒకటి. అదెందుకో కింద చెబుతాను. మనుషుల నొప్పి మాత్రలు, పారాసిటమాల్‌తో సహా, కుక్కకు వేయొద్దు. కాలేయం, కిడ్నీ దెబ్బతింటాయి.

ఒంటరిగా పోకండి. ఇరవై కిలోల కుక్కను గుట్ట మీది నుంచి ఒక్క మనిషి మోసుకు రావడం అయ్యే పని కాదు. ఇద్దరుంటే దుప్పటిని జోలెలాగా చేసి అటొకరు ఇటొకరు పట్టుకుని దించవచ్చు.

బయల్దేరే పొద్దు

డిసెంబరు, జనవరిల్లో మన దగ్గర పొద్దు ఆరుంముప్పావు ప్రాంతంలో పొడుస్తుంది. తెల్లవారుజామున పది పన్నెండు డిగ్రీలకు దిగే రోజులుంటాయి. చీకట్లో ఎక్కడం మొదలుపెట్టకండి. చిరుత తిరిగేది ఆ వేళల్లోనే, అడవిపంది చెలకల నుంచి గుట్టకు మళ్ళేదీ అప్పుడే. ఏడు గంటలకు గుట్ట కింద ఉండండి. ఎనిమిది దాకా కింది బాట వెంట, పొదల మధ్య నడవండి. బండ మీది తడి ఆరాకే పైకి కాలు పెట్టండి. పదకొండు లోపల కిందికి దిగిపోవాలి. చలికాలం ఎండ చల్లగా అనిపిస్తుంది గానీ పదకొండు దాటితే కుక్క వీపు మీద చెయ్యి పెట్టి చూడండి, నల్ల కుక్కయితే మరీ, వెచ్చగా తగులుతుంది. మన ఒళ్ళంతా చెమట పడుతుంది. దానికి చల్లబడే దారి నాలుకే.

బండ మీద

మన గుట్టల్లో కుక్కకు కష్టమైన చోటు పరుపు బండ. ఏటవాలుగా, నున్నగా, పట్టు దొరకని రాయి. కుక్క ముందుకాళ్ళతో దూకి ఎక్కేస్తుంది, చూసి మనం మురిసిపోతాం. తిరుగు ప్రయాణంలో అదే బండ అంచున నిలబడి, ముందుకాలు చాపి, వెనక్కి తీసుకుని, కుయ్‌మని మన ముఖం చూస్తుంది. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ళ మీద పడుతుంది, గోళ్ళకు రాయి అందదు. అందుకే ఏ రాయి ఎక్కించే ముందైనా ఒక్కటే చూడండి. ఇది నా చెయ్యి లేకుండా ఇక్కడి నుంచి దిగగలదా? దిగలేదు అనిపిస్తే ఎక్కించకండి, పక్కనుంచి పోండి. బాట లేకపోతే అక్కడికి ఆ రోజు నడక అయిపోయినట్టే.

దిగక తప్పనప్పుడు మీరు కింద వైపు నిలబడండి. తాడును చేతికి చుట్టుకోకండి, కుక్క జారితే మిమ్మల్నీ లాగుతుంది. హార్నెస్ పిడి పట్టుకుని నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుకు అడ్డంగా, పాము నడిచినట్టు, అటు నాలుగు అడుగులు ఇటు నాలుగు అడుగులు వేయించండి.

బండల మీది దోనెల్లో చలికాలం దాకా వాననీళ్ళు నిలిచి ఉంటాయి. తేటగా కనిపిస్తాయి కానీ తాగనివ్వకండి. కోతులు, ఎలుకలు వాటిలో మూత్రం పోస్తాయి, ఎలుకజ్వరం అలాగే వస్తుంది. గుట్ట కింద పత్తి చేన్ల పక్కన ఇంకా జాగ్రత్త. పురుగుల మందు కలిపిన డ్రమ్ముల దగ్గర గుంతల్లో నిలిచిన నీళ్ళు ఒక్కసారి నాకినా ప్రాణం మీదికి వస్తుంది. చేను పక్కన నడిచినంతసేపు తాడు పొట్టిగా పట్టుకోండి.

మంద ఎదురైతే, కోతి ఎదురైతే

గొర్ల మంద వస్తుంటే మీరే పక్కకు తప్పుకోండి. బాట దిగి, కుక్కను మీ కాళ్ళ మధ్య కూర్చోబెట్టి, మంద పోయేదాకా ఆగండి. మంద కుక్కలు మీ కుక్క మీదికి వస్తాయి, అది వాటి పని. కాపరిని ముందుగానే కేకేసి పిలవండి. గొంగడి కప్పుకుని కూర్చున్న పెద్దమనిషిని "తాతా, గుట్ట మీద ఎట్లుంది?" అని అడిగితే మీకు ఏ పుస్తకంలోనూ దొరకని సంగతి చెబుతాడు. ఏ సొరికెలో తేనెతుట్టె ఉంది, ఏ వైపు చిరుత అడుగులు కనబడ్డాయి, ఎక్కడ ఎవరు ఏం పెట్టారు, అన్నీ ఆయనకు తెలుసు.

కోట గోడల మీద కోతులు, కొండముచ్చులు గుంపుగా ఉంటే దూరం నుంచే తిరిగి వేరే దారి పట్టండి. కుక్క మొరిగితే అవి గుంపుగా దిగుతాయి. రక్తపింజర చలికాలం పగటిపూట కూడా ఎండ కాగుతూ రాళ్ళ పక్కన పడుకుంటుంది. ఆకుల కుప్పల్లో, రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టనివ్వకండి. కాటు పడితే కొయ్యకండి, గట్టిగా కట్టు కట్టకండి. నడిపించకుండా మోసుకుని డాక్టరు దగ్గరికి. ఇంటి నుంచి బయల్దేరే ముందే దగ్గరలో కుక్కలను చూసే పశువుల దవాఖాన ఏదో, ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి తెలుసుకోండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు బండి ముఖ్యంగా ఊళ్ళలో పశువుల కోసం ఉన్నది, దాన్నే నమ్ముకుని గుట్ట ఎక్కకండి.

చిరుత మన గుట్టల్లో ఉంది. 2020 జనవరిలో మర్రిగూడ మండలంలో ఒకటి ఉచ్చులో చిక్కిన సంగతి ఈ చుట్టుపక్కల చాలామందికి గుర్తే. చిరుతకు కుక్క ఇష్టమైన ఎర. మనిషి పక్కన, తాడు మీద, పట్టపగలు ఉన్న కుక్క జోలికి అది మామూలుగా రాదు. యాభై గజాలు ముందు పరుగెత్తే కుక్క సంగతి వేరు. అందుకే ఎంత చెప్పినట్టు వినే కుక్కయినా తాడు విప్పొద్దు.

ఉచ్చు

చిరుత కంటే నేను ఎక్కువ భయపడేది ఉచ్చుకు. అడవిపందులు చేన్లు పాడుచేస్తాయని, మాంసం కోసమని కొందరు బైకు క్లచ్ వైరుతో ఉచ్చులు పెడతారు. గుట్ట అంచున, పొద కింద జంతువులు దూరే సందులో, మోకాలి ఎత్తులో ఉంటుంది. కంటికి కనిపించదు.

ఒక జనవరిలో దేవరకొండ అవతల ఒక గుట్ట దగ్గర కాపరి ఒకాయన మమ్మల్ని ఆపాడు. "సారూ, ఆ దిక్కుకు వోకుండ్రి, ఉచ్చులు వెట్టిండ్రు" అన్నాడు. నేను విన్నాను, అటు పోలేదు. కానీ అంతకుముందే కర్రి తాడు విప్పి ఉన్నాను. కుందేలు లేచింది, కర్రి ఆ దిక్కుకే ఉరికింది. అరుపు వినబడి పోయేసరికి వెనకకాలు మడమ పైన వైరు బిగిసి ఉంది. లాగినకొద్దీ చర్మంలోకి దిగుతోంది. తప్పు నాదే. అక్కడ చేసింది వరసగా చెబుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు తువ్వాలు దాని తల మీద కప్పాను. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది, తల కప్పితే కొంచెం శాంతిస్తుంది. తర్వాత కుక్కను ఉచ్చు కట్టిన గూటం వైపుకు జరిపాను. ఉచ్చు నుంచి దూరంగా లాగితే బిగుస్తుంది, దగ్గరికి తెస్తే వదులవుతుంది. వైరు సడలాక ముడిలో వేలు పెట్టి వెనక్కి తోసి కాలు బయటికి తీశాం. అది సడలకపోతే గూటం దగ్గర వైరు కత్తిరించాలి. ఆ రోజు నా దగ్గర ప్లేయర్ లేదు. కాపరి గొడ్డలి వెనక వైపుతో గూటం పీకి ఇచ్చాడు. కాలుకు అయోడిన్ పూసి, గాజుగుడ్డ చుట్టి, సాక్సు తొడిగి, నేనూ ఆయనా దుప్పట్లో మోసుకొచ్చాం. రక్తం రాకపోయినా డాక్టరుకు చూపించాలి. వైరు బిగిసిన చోట కండ లోపల చచ్చిపోయి రెండు మూడు రోజుల తర్వాత కుళ్ళుతుంది.

కరెంటు తీగ ఇంకా ఘోరం. చేను చుట్టూ చిన్న పుల్లల మీద పలుచని తీగ కనిపిస్తే దగ్గరికి పోకండి. రాత్రి పెట్టి పొద్దున తీయడం మరిచిపోతారు. కుక్కకు కరెంటు తగిలి పడిపోతే ముట్టుకోవద్దు. ముందు రైతును కేకేసి కరెంటు బంద్ చేయించండి.

తిరిగి రావాల్సింది ఎప్పుడు

ప్రతి అరగంటకూ ఆగి నీళ్ళు పట్టించి, ఆ ఆగినప్పుడల్లా కుక్కను చూడండి. నాలుక బారుగా వేలాడి కొన గరిటెలాగా వెడల్పయిందా, చిగుళ్ళు ఎర్ర ఇటుక రంగుకు తిరిగాయా, చూపించిన గుడ్డుముక్కను వాసన చూసి వదిలేసిందా, నీడ కనబడితే అక్కడే పొట్ట ఆనించి పడుకుంటోందా. వీటిలో ఒక్కటి కనబడినా శిఖరం ఇరవై అడుగుల్లో ఉన్నా సరే తిరగండి. నీడలో అరగంట పడుకోబెట్టి, పొట్ట మీద, తొడల మధ్య, అరికాళ్ళ మీద మామూలు నీళ్ళు పోయండి. తూలుతున్నా, వాంతి చేసుకున్నా నీళ్ళు పోస్తూనే దించుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 105 చేరితే ప్రాణాపాయం.

ముందుకాలు ఎత్తి మూడు కాళ్ళ మీద నిలబడితే చాలావరకు పల్లేరుకాయే. కాలు మీ మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళ మధ్య వెంట్రుకలు విడదీసి, వెలుతురుకు తిప్పి చూడండి. ముల్లు విరక్కుండా చిమటాతో మొదట్లో పట్టి తీయండి. అరికాలి మెత్త తెగితే నీళ్ళతో కడిగి, కట్టు కట్టి, సాక్సు తొడిగి, అక్కడి నుంచి వెనక్కి.

హిమాలయాలకు తీసుకుపోతామనేవాళ్ళకు

ఈమధ్య కుక్కను కారులో హిమాచల్ దాకా తీసుకుపోతున్నారు. మన నాటు కుక్కకు పొట్టి వెంట్రుక, ఒంట్లో కొవ్వు తక్కువ. ఆ చలికి కోటు తప్పనిసరి. వేళ్ళ మధ్య మంచు గడ్డకట్టి గోళీలయి నడవనివ్వదు. ముందే వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించి, వ్యాజలీన్ రాసి, బూట్లు అలవాటు చేయాలి. చెవి కొనలు, తోక కొన తెల్లగా మొద్దుబారితే లోపలికి తెచ్చి గోరువెచ్చని గుడ్డతో వేడి పట్టించండి, రుద్దకండి. మంచు తిని దాహం తీర్చుకోనివ్వకండి, నీళ్ళే ఇవ్వండి. మొదటి రెండు రోజులు ఎత్తుకు అలవాటు పడనిచ్చి, తర్వాతే నడక.

ఇంటికొచ్చాక

వాకిట్లోనే కూర్చోబెట్టి వెతకండి. చెవుల లోపల, చెవుల వెనక, మెడపట్టీ కింద, చంకల్లో, వేళ్ళ మధ్య, తోక మొదట్లో. పిడుదు దొరికితే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నేరుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు.

చెవులు రెండుసార్లు చూడండి. గుట్ట గడ్డిలో బాణం మొనలాగా ఉండే గింజలు ప్యాంటుకు గుచ్చుకుంటాయి కదా, అవి కుక్క చెవిలోకి దూరితే లోపలికే పోతాయి, వెనక్కి రావు. ఒకసారి నడక అయిన రెండో రోజు కర్రి తల ఒకవైపు వంచి విదిలించడం మొదలుపెట్టింది. చీమేమో అనుకున్నాను. నాలుగో రోజుకు చెవిలోంచి వాసన వచ్చింది. డాక్టరు సన్నని పట్టుకారుతో అంగుళం పొడవు గడ్డిగింజను బయటికి తీశాడు. తల విదిలించిన రోజే చూపించాల్సింది.

తర్వాత మూడు వారాల పాటు దాని తిండి గమనించండి. ముద్ద వదిలేసినా, జ్వరం ఉన్నా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం చుక్క కనబడినా పిడుదు జ్వరం కావచ్చు. రక్తపరీక్ష చేయించండి. ఏ గుట్టకు, ఏ తారీకున పోయారో, ఎన్ని పిడుదులు తీశారో డాక్టరుకు చెప్పండి. నేను ఇవన్నీ క్యాలెండర్‌లో ఆ తారీకు గడిలోనే రాసిపెట్టుకుంటాను.